ఎనిమిదో గుర్రం

నేను ఒక దుర్భిణిని. ఇంగ్లీషు చదివినవాళ్ళు బైనాక్యులర్స్ అంటారు, రేసుల మైదానంలో దుర్బీను అంటారు. ఏ పేరుతో పిలిచినా నా పని ఒక్కటే, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి చూపించడం. ఆ పనిలో నేను ఏనాడూ ఎవరినీ మోసం చెయ్యలేదు. నా వెనక కళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఏం చేశారో చెబుదామనే నోరు తెరిచాను. కోపంగా ఉన్నాను, ముందే చెబుతున్నాను. మధ్యలో గొంతు పెరిగితే సర్దుకోండి.

పుట్టింది డెహ్రాడూన్‌లో, సైన్యానికి సామాను తయారయ్యే చోట. చత్వారపు కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలాయన నా అద్దాలను ఓపిగ్గా అరగదీశాడు. ఊదేవాడు, తుడిచేవాడు, కిటికీలోంచి ఎదురు చెట్టు మీది పిట్టను చూసేవాడు, మళ్ళీ అరగదీసేవాడు. పిట్ట కంటి చుట్టూ ఉన్న పసుపు గీత కనిపించాక గానీ నన్ను వదల్లేదు. తనకే సరిగ్గా చూపు ఆనని మనిషి నాకు అంత చూపు ఇచ్చాడు.

అక్కణ్ణుంచి ఒక సుబేదారు మెడలో పడి మంచు కొండలకు వెళ్ళాను. శత్రువును చూపించమన్నాడు. చూపించాను. అవతలి కొండ మీద ఒక కుర్రవాడు పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాల్చుకుంటున్నాడు. సుబేదారు చాలాసేపు చూసి, "వాడిదీ మనదానిలాగే మాడింది" అని నవ్వాడు. మనుషుల మీద నాకు గౌరవం కలిగిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. సైన్యం పాత సామాను వేలం వేసినప్పుడు ఆయనే నన్ను కొనుక్కున్నాడు. ఉద్యోగం ముగించి హైదరాబాదు వచ్చి, ఒక కరెంటు ఆఫీసులో కాపలాదారుగా చేరాడు. అవసరం పడి, అదే ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉన్న చిదంబరం గారికి నన్ను అమ్మేశాడు. ఇచ్చేటప్పుడు నా తోలు తొడుగును ఒకసారి నిమిరాడు. చిదంబరం గారు మాత్రం, "ఇంకో యాభై తగ్గించవయ్యా" అన్నాడు.

చిదంబరం గారికి రెండు జీవితాలు. వారమంతా ఫైళ్ళ మధ్య, పై అధికారి గదిలోకి వెళ్ళేటప్పుడు చొక్కా గుండీలు సరిచూసుకునే మనిషి. ఆదివారం రేసు మైదానంలో అడుగుపెట్టాడంటే వేరే మనిషి. అక్కడ ఆయన పెద్దమనిషి. ఏ గుర్రం ఏ తల్లికి పుట్టింది, ఏ జాకీ చేయి బరువు, ఏ నేల మీద ఏది పరుగెత్తుతుంది, ఏ పందేనికి ఎంత వస్తుంది, అన్నీ కంఠతా. ఆయన చుట్టూ ఎప్పుడూ నలుగురు మూగి ఉండేవారు. ఇంతకీ ఆ తెలివితో ఆయన గెలిచింది తక్కువ, పోగొట్టుకున్నది ఎక్కువ. ఆ సంగతి నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు.

ఆయన భార్య భ్రమరాంబకు తెలియదు. ఆవిడకు ఆయన చెప్పిన పందేలన్నిటిలోనూ ఆయనే గెలిచాడు.

ఇప్పుడు బాలనర్సు గురించి చెప్పాలి. గుర్రాల కొట్టాల్లో సైసు. సైసు అంటే గుర్రాన్ని తోమి, మేపి, నడిపించి, దాని పక్కనే పడుకునే మనిషి. అతని చేతిలో ఉన్నది గోదావరి అనే ఎర్ర ఆడగుర్రం. అతను గోదారీ అని పిలిచేవాడు. పిల్లగా వచ్చినప్పటి నుంచీ అతనే పెంచాడు. చలికాలంలో తన దుప్పటి దానికి కప్పి తను గోనెసంచి కప్పుకునేవాడు. ఇది నేను కళ్ళారా చూసిందే. చిదంబరం గారు పొద్దున్నే గుర్రాల కసరత్తు చూడటానికి వెళ్ళేవాడు కదా, నా అద్దాల్లో ఆ ఇద్దరూ చాలాసార్లు పడ్డారు.

గోదారికి వయసు మీద పడింది. దాని యజమాని ఇక పరుగు చాలించి, బారాత్‌లకు, అంటే పెళ్ళి ఊరేగింపులకు, గుర్రాలు అద్దెకిచ్చే వీరేశానికి అమ్మేద్దామనుకున్నాడు. మూడు వేలకు బేరం కుదిరింది. బాలనర్సు యజమాని కాళ్ళావేళ్ళా పడ్డాడు. "సరే, ఆదివారం దాని ఆఖరి పందెం. ఆ సాయంత్రంలోగా మూడు వేలు తెచ్చిస్తే నువ్వే తోలుకుపో. లేదంటే వీరేశం తోలుకుపోతాడు" అన్నాడు యజమాని. శంషాబాదు దగ్గర బాలనర్సు అన్నకు కొంచెం చెలక, మెట్టభూమి ఉంది. అక్కడ గోదారిని వదులుగా మేపుకోవాలని అతని ఆశ. అతని దగ్గర ఉన్నది వెయ్యి.

శనివారం పొద్దున కంచె దగ్గరికి వచ్చి చిదంబరం గారికి దండం పెట్టాడు.

"సారూ, మీకు తెల్వంది లేదు. ఈ వెయ్యి మూడు వేలెట్లయితయో చెప్పున్రి. గోదారి గెలుస్తదని నేను అబద్ధమాడ. దానికి అంత దమ్ము లేదు. కానీ మూడిట్ల ఉంటది. దాని పెయ్యి మీద చెయ్యేస్తే నాకు తెలుస్తది."

చిదంబరం గారి ముఖం వెలిగిపోయింది. ఎవరైనా అడిగితే చాలు.

"అయితే ఈచ్ వే పెట్టవయ్యా" అన్నాడు. "విను. అది చూడటానికి ఒక పందెం, నిజానికి రెండు. నీ వెయ్యిలో సగం గుర్రం గెలుస్తుందని. మిగతా సగం, గెలవకపోయినా ప్లేసులో, అంటే మొదటి మూడిట్లో ఉంటుందని. రేపు బుకీ బోర్డు మీద గోదావరికి ఒకటికి ఇరవై పెడతాడు, నాదీ పూచీ. గెలిచిందనుకో, మొదటి ఐదొందలకి ఇరవై రెట్లు. ప్లేసుకి మాత్రం ఇరవై ఇవ్వడు. అందులో నాలుగో వంతు, అంటే ఐదు."

"అంటే మూడోది వస్తే?"

"గెలుపు మీద పెట్టిన ఐదొందలు పోయాయి. ప్లేసు మీద పెట్టిన ఐదొందలకి ఐదు రెట్లు, రెండున్నర వేలు. ఆ ఐదొందలూ వెనక్కి వస్తాయి. మొత్తం ఎంత?"

బాలనర్సు వేళ్ళు ముడిచి, తెరిచి, నోరు తెరిచాడు. "మూడు వేలు సారూ!"

"మూడు వేలు. ఒక్క సంగతి. ఎనిమిది గుర్రాలు పరుగెత్తితేనే మూడు ప్లేసులు. ఏడయితే రెండే. రేపు కార్డులో ఎనిమిది ఉన్నాయి, భయం లేదు."

కొట్టాల్లో పనిచేసేవాళ్ళు పందేలు కాయకూడదని అక్కడి నియమం. తెలిస్తే పని పోతుంది. అందుకే బాలనర్సు తన వెయ్యి చిదంబరం గారి చేతిలో పెట్టాడు. ముడుతలు పడ్డ నోట్లు, దాణా వాసన. "మీ చేత్తోని పెట్టున్రి సారూ. మీ చెయ్యి మంచిది" అన్నాడు. చిదంబరం గారు ఎంతో పెద్దరికంగా తల ఊపాడు. ఆ క్షణంలో ఆయన మనసులో కల్మషం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అదే నన్ను ఎక్కువ మండిస్తుంది. దొంగగా బయల్దేరినవాడు దొంగతనం చేస్తే అందులో వింతేముంది?

ఆ ఆదివారమే భ్రమరాంబ కూడా బయల్దేరింది. ముందురోజు భోజనాల దగ్గర, "అన్ని గెలుస్తున్నారు కదా, మనింట్లో ఫ్యాను ఎందుకు మారదు? నేనూ వచ్చి చూస్తాను" అంది. ఆయన నవ్వి, మజ్జిగ పొయ్యమన్నాడు.

స్టాండులో ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తిరునాళ్ళకు వచ్చినట్టు కళ్ళింతలు చేసుకుని చూస్తోంది. మొదటి పందెంలో ఆయన గుర్రం వెనకబడింది. రెండోదీ అంతే. మూడోదాని జాకీ పడిపోయాడు. ఒక్కో పందేనికీ ఆయన ఒక్కో కారణం చెప్పాడు. "గాలి" అన్నాడు, "నేల మెత్తగా ఉంది" అన్నాడు. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ లెక్కే ఆయనకు కష్టమైంది. మాట మళ్ళించడానికి, దూరంగా గోదారిని నడిపిస్తున్న బాలనర్సును చూపించి అతని కథంతా చెప్పాడు. సాయంత్రానికి మూడు వేలు కట్టాలని, లేకపోతే బారాత్‌వాడు తోలుకుపోతాడని. అతని పందెం చీటీ తన జేబులో ఉందన్నది మాత్రం చెప్పలేదు. అది రహస్యం కదా.

ఆఖరి పందెం. మైదానం అవతలి కొసన గుర్రాలు ఇనుప గేటు గదుల్లోకి వెళ్తున్నాయి. మామూలు కళ్ళకు అక్కడ రంగు చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. భ్రమరాంబ నన్ను అడిగి తీసుకుంది. ఆవిడ కళ్ళు నా అద్దాల వెనక ఆనాయి. నాకున్న శక్తంతా పెట్టి చూపించాను. గేటు తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఏడు గుర్రాలు దూకాయి.

"ఏమండీ! ఆ తెల్లది తలుపు తీసినా బయటికి రాలేదండీ! అలాగే నిలబడిపోయింది!"

"ఏదీ?" ఆయన నన్ను లాక్కుని చూశాడు. చూశాడు, మళ్ళీ చెబుతున్నాను. తెరిచిన తలుపుల మధ్య తెల్ల గుర్రం చెవులు వెనక్కి వాల్చి మొరాయించి నిలబడింది, మీద జాకీ కొరడా ఝళిపిస్తున్నాడు. చిదంబరం గారు పకపకా నవ్వాడు.

"దాని మీద పెట్టినవాడి పని గోవిందా."

"అది పరుగెత్తలేదు కదండీ, డబ్బు తిరిగివ్వరూ?"

"ఇవ్వరు. తలుపు తెరవకముందే పక్కకి తీసేస్తే లెక్కలోంచి పోతుంది, డబ్బు వాపసు. తలుపు తెరిచాక నిలబడిందంటే అది దాని ఖర్మ. పరుగెత్తినట్టే లెక్క. ఎనిమిదీ ఎనిమిదే."

ఆ మాటలు ఆయన నోటి నుంచి వచ్చాయి. ఆవిడ చెవిన పడ్డాయి. నేను ఆయన చేతుల్లోనే ఉన్నాను.

ఈలోగా గుర్రాలు మలుపు తిరిగాయి. గోదారి అయిదోది. ఎర్రటి మెడ ముందుకు సాచి, పక్కటెముకలు ఎగిసెగిసి పడుతూ వస్తోంది. ఒకదాన్ని దాటింది. స్టాండు ముందుకు వచ్చేసరికి ఇంకోదాన్ని, మెడ పొడవున దాటింది. మూడోది! చిదంబరం గారు బెంచీ ఎక్కి గెంతాడు. బాలనర్సు కోసమే గెంతాడనుకున్నాను.

బుకీ దగ్గరికి వెళ్ళాడు. బుకీ చీటీ చూసి, "గోదావరి ఈచ్ వే, మూడో ప్లేసు" అని మారు మాట్లాడకుండా మూడు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. జూదం నడిపేవాడు తను ఇవ్వాల్సింది తను ఇచ్చేశాడు. ఇక మిగిలింది ఒక గౌరవనీయుడైన ప్రభుత్వోద్యోగి ఆ డబ్బు పట్టుకుని నాలుగడుగులు నడిచి ఇంకొకరికి ఇవ్వడం. అంతే పని.

స్టాండు మెట్ల దగ్గర భ్రమరాంబ ఎదురొచ్చింది. ఆయన చేతిలో నోట్లు చూసి, "గెలిచారా!" అంది. మధ్యాహ్నం నుంచీ ముడుచుకున్న ముఖం విప్పారింది. ఆయన ఒకసారి కొట్టాల వైపు చూశాడు. తర్వాత ఆ నోట్లు ఆవిడ చేతిలో పెట్టి, "ఏమనుకున్నావు మరి? ఫ్యాను కొనుక్కో" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆగిపోయి ఉంటే నేను క్షమించేదాన్నేమో. భార్య ముందు గొప్ప కోసం పారేసుకున్న మాట. వెనక్కి తీసుకోవడానికి ఇంకా సమయం ఉంది. కానీ బాలనర్సు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో గోదారి తలకట్టు తాడు, దాని మీద ఇంకా నురగ.

"సారూ! సూసిన్రా సారూ మా గోదారిని! మూడుల వచ్చింది! నేను సెప్పలే!"

"చూశాను బాలనర్సూ. కానీ..." చిదంబరం గారు గొంతు సవరించుకున్నాడు. "నీ అదృష్టం బాగాలేదయ్యా. తెల్లది ఆగిపోయింది కదా. ఏడే పరుగెత్తాయి. ఏడయితే రెండే ప్లేసులు. మూడోదానికి రాదు. నిన్ననే చెప్పాను కదా నీకు."

బాలనర్సు చేతిలో తాడు ఊగడం ఆగిపోయింది.

"అవును సారూ, సెప్పిన్రు. మరి దాన్ని... తలుపు తెరవకముందే తీసేసిన్రా?"

"ముందే తీసేశారు."

"మీరు దుర్బీన్ల సూసిన్రా సారూ?"

"ఈ కళ్ళతో చూశాను."

అప్పుడు ఆయన కుడిచెయ్యి నా మీదే ఉంది. వేళ్ళు చెమటతో జారుతున్నాయి. నాకు నోరుంటే అక్కడే అరిచేదాన్ని. మైదానమంతా వినబడేలా, ఆ తెల్ల గుర్రం కూడా వినేలా అరిచేదాన్ని.

బాలనర్సు తాడు చేతికి చుట్టుకున్నాడు. "గట్లనా. నా నసీబు. మీకు ఉత్తగ తక్లీఫ్ ఇచ్చిన సారూ" అన్నాడు. భ్రమరాంబకు కూడా దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం చూసి తట్టుకోలేకపోయాను. దొంగకూ దొంగ సొమ్ము మోస్తున్న మనిషికీ క్షమాపణ చెప్పి వెళ్ళాడు.

ఆవిడకు అప్పటికే అర్థమైంది. చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క పిలుపు పిలిస్తే అతను వెనక్కి తిరిగేవాడు. పిలవలేదు. జనంలో మొగుణ్ణి దొంగను చెయ్యడానికి నోరు రాలేదు. ఆవిడ మీద కూడా నాకు కోపమే.

స్కూటర్ దగ్గర అడిగింది. "ఏడా, ఎనిమిదా?"

"ఇంటికి పద."

ఇంటికి వెళ్ళాక మళ్ళీ అడిగింది. నన్ను బల్ల మీద పెట్టి ఆయన చొక్కా విప్పుతున్నాడు.

"అతని డబ్బేనా ఇది?"

"వచ్చే ఆదివారం గెలిచి వాడిది వాడికి ఇచ్చేస్తాను. ఒక్క వారం. ఏం మునిగిపోతుంది?"

"గుర్రాన్ని ఇవాళే తోలుకుపోతారని మీరే చెప్పారు."

"ఓ ముసలి గుర్రం కోసం పదిమందిలో నా పరువు తీస్తావా?"

"అక్కడ పదిమంది లేరండీ. ఒక్కడే ఉన్నాడు. వాడి దగ్గరే పోగొట్టుకున్నారు."

ఆయన తలుపు ధడాలున వేసుకున్నాడు. ఆవిడ వంటింట్లో దీపం కూడా వెయ్యకుండా కూర్చుంది.

సోమవారం పొద్దున్నే ఆవిడ ఆటో ఎక్కి కొట్టాలకు వెళ్ళింది. సంచిలో డబ్బుతో పాటు నన్నూ వేసుకుంది. ఎందుకో తెలియదు. సాక్షి కావాలనుకుందేమో. గోదారి గది ఖాళీగా ఉంది. బాలనర్సు ఖాళీ గదినే ఊడుస్తున్నాడు.

ఆవిడ నోట్లు చాపింది. "ఎనిమిదే పరుగెత్తాయి నాయనా. నేనూ చూశాను. నిన్న చెప్పలేకపోయాను."

బాలనర్సుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చీపురు గోడకు ఆనించి, తల రుమాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "నిన్న పొద్దుగూకినంక తోల్కపోయిన్రమ్మా" అన్నాడు. "వెనక్కు తిరిగి తిరిగి సూసింది."

ఇద్దరూ వీరేశం దగ్గరికి వెళ్ళారు. అప్పటికే గోదారి మెడలో మువ్వలు, నుదుటి మీద అద్దాల పట్టీ. వీరేశం తమలపాకు నములుతూ, "నిన్న మూడమ్మా. ఇయాల ఆరు. నగలు చేయించిన, జీను కుట్టిచ్చిన. పెండ్లిళ్ల సీజను కాదా?" అన్నాడు. భ్రమరాంబ బతిమాలింది. వినలేదు. బాలనర్సు మాత్రం ఆవిడను ఆపి, వీరేశాన్ని ఒకటే అడిగాడు, "దీన్ని పట్టుకునేతందుకు మనిషి కావాల్నా?"

అలా కొట్టాల్లో పని వదిలేసి, సగం జీతానికి బారాత్ గుర్రం వెంట వెళ్ళాడు. ఆవిడ ఇచ్చిన మూడు వేలు దాచిపెట్టి, ఇంకో మూడు కూడబెట్టి గోదారిని విడిపించుకోవాలని అతని లెక్క. మా ఇంట్లో మాత్రం కొత్త ఫ్యాను రాలేదు. ఆయనా ఆవిడా అవసరమైనవి తప్ప మాట్లాడుకోవడం మానేశారు. ఆయన ఆదివారాలు మానలేదు. మళ్ళీ నన్ను మెడలో వేసుకుని, మళ్ళీ నలుగురి మధ్య నిలబడి, ఈచ్ వే గురించి చెబుతూనే ఉన్నాడు. నాలుగో వంతు, మూడు ప్లేసులు, నిలబడిపోయినా పరుగెత్తినట్టే. ఎంత బాగా చెబుతాడో! వింటుంటే నా అద్దాలు పగిలిపోతాయేమో అనిపించేది.

మాఘమాసపు పెళ్ళిళ్ళు అయ్యాక ఒక పొద్దున బాలనర్సు ఇంటికి వచ్చాడు. మా వాటా మేడ మీద. చిదంబరం గారు వరండాలో పేపరు చదువుతున్నాడు, నేను పక్కన కిటికీ గూట్లో ఉన్నాను. బాలనర్సు చిక్కిపోయాడు. గుడ్డలో మూట కట్టిన నోట్లు తీసి పిట్టగోడ మీద పెట్టాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు చిదంబరం గారు. అడుగుతూనే ఆయన కళ్ళు ఆ మూట మందం కొలిచాయి. నేను చూశాను.

"గోదారి పైసలు సారూ. గోదారి లేదు." అతను మెల్లగా చెప్పాడు. "దానికి బాజా అంటే భయం. నేను చెవుల్ల దూది పెడుతుంటి. మొన్న పెండ్లిల కాళ్ల సందున పటాకులు ఏసిన్రు. ఎగిరింది. సిమెంటు రోడ్డు మీద జారింది. ముందరి కాలు ఇరిగింది. డాక్టరొచ్చి సూదిచ్చిండు. తల నా ఒళ్ళెనే ఉండె."

లోపలి నుంచి వచ్చిన భ్రమరాంబ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాకు పైసలు వద్దు సారూ. మీ మీద నేను ఎవ్వరికీ చెప్పలే, చెప్ప. ఒక్కటే అడగనీకి వచ్చిన. ఆ దినం మీరు సూసిన్రా, సూడలేదా?"

కింద వాటా వాళ్ళు మెట్ల దగ్గరికి వచ్చి తలెత్తి చూస్తున్నారు. చిదంబరం గారు వాళ్ళను చూశాడు, పేపరు మడిచాడు. 'చూశాను' అంటే చాలు. బాలనర్సు అడిగింది ఆ ఒక్క మాటే. మనిషి చనిపోయినా తీరనంత బాకీ, ఒక్క మాటతో తీరిపోయేది.

"సరిగ్గా కనబడలేదయ్యా" అన్నాడు ఆయన. "ఈ దుర్భిణి పాతది. అద్దాలు మసకబారాయి. దూరానికి సరిగ్గా చూపించదు."

నా అద్దాలు! ఒక ముసలాయన తన కళ్ళు అరగదీసుకుని చేసిన అద్దాలు!

భ్రమరాంబ వచ్చి గూట్లోంచి నన్ను తీసింది. బాలనర్సు ముందుకు చాపింది.

"తీసుకో నాయనా. నువ్వే చూసి చెప్పు, మసకగా ఉందేమో."

"వద్దమ్మా..."

"చూడు."

బాలనర్సు నన్ను కళ్ళకు ఆనించుకున్నాడు. చాలా ఏడ్చిన కళ్ళు, రెప్పలు వేడిగా ఉన్నాయి. ఇళ్ళ కప్పుల మీదుగా, కరెంటు తీగల మీదుగా, దూరంగా మార్కెట్టు గడియార స్తంభం వైపు తిప్పాడు. నా ప్రాణమంతా పెట్టి చూపించాను. అతను కదలకుండా చూశాడు.

"పెద్ద ముల్లు కొన ఇరిగింది సారూ" అన్నాడు. "దాని మీద పిచ్చుక కూసుంది."

అతను నన్ను భ్రమరాంబ చేతుల్లో జాగ్రత్తగా పెట్టాడు. మెట్లు దిగుతుంటే కింద వాటా వాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. అతను ఊరు వదిలి అన్న దగ్గరికి, ఆ చెలకకు వెళ్ళిపోయాడని తర్వాత విన్నాను. ఆ మూటను భ్రమరాంబ మనియార్డరు చేసి పంపింది. తిరిగి వచ్చింది. మళ్ళీ పంపింది.

చిదంబరం గారు ఏం చేశాడంటారా? పశ్చాత్తాపపడ్డాడని చెబితే మీకు బాగుంటుంది. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ నన్ను కోఠీలో కెమెరాలూ కళ్ళజోళ్ళూ బాగుచేసే సలీం దుకాణానికి తీసుకెళ్ళాడు.

"అద్దాలు మసకబారాయి. శుభ్రం చెయ్యి" అన్నాడు.

సలీం నన్ను వెలుగుకు ఎత్తి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మసకేం లేదు సాబ్. కొత్తదాని లెక్క ఉంది."

"మసక ఉందంటుంటే! శుభ్రం చేసి, చేసినట్టు రసీదు రాసివ్వు."

ఆ రసీదు ఇంట్లో చూపించడానికి, కింద వాటా వాళ్ళకు చూపించడానికి. సలీం ఆయన ముఖం ఒకసారి చూసి, రాసిచ్చాడు. ఆయన రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా కోసం మళ్ళీ రాలేదు. ఆయనకు కావలసింది ఆ కాగితమే.

అప్పటి నుంచీ సలీం దుకాణం పై అరలో ఉన్నాను, వీధివైపు తిరిగి. ఎవరూ తీసుకువెళ్ళని కెమెరాలూ ఒక గోడగడియారమూ నా పక్కన ఉన్నాయి. సలీం రోజూ దుమ్ము దులుపుతాడు, అప్పుడప్పుడు పని లేనప్పుడు నన్ను తీసి ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు చూసి నవ్వుకుంటాడు. అమ్మేద్దామంటే సలీంకు మనసొప్పదు, సొంతదారు వస్తాడని నమ్మకం. రాడని నాకు తెలుసు.

మనుషులారా, మీ కళ్ళు మీరు మూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మసక నాది అని మాత్రం అనకండి.